పడవ వీపు మీద మూడు దెబ్బలు

ఆ పొద్దున ఆకాశం ఎక్కడుందో తెలియలేదు. సరస్సు మీద మంచు కూర్చుంది. ఒడ్డున నిలబడితే పది అడుగుల నీళ్ళు కనిపిస్తున్నాయి, ఆ తర్వాత ఏమీ లేదు. పైన ఒకచోట కాస్త పలచబడి, సూర్యుడు అక్కడున్నాడేమో అనిపించి, మళ్ళీ మూసుకుపోయింది. గాలి లేదు. చప్పుడు లేదు.

చప్పుడు లేదని ఆయన అనుకున్నాడు.

పోయినవారం కథని, పాత శిష్యురాలు నత్త పరీక్ష తప్పిందని మాస్టారు పెన్సిల్‌తో రాసుకుని పుస్తకం మూయడం దగ్గర వదిలాం. పడవ నడపడం నేర్పేవాళ్ళు వేరు, వాళ్ళకి నేర్పడం ఎలాగో నేర్పేవాళ్ళు వేరు. ఈ రెండోరకం వాళ్ళకి పరీక్ష పెట్టి కాయితం ఇచ్చేది, ఇచ్చాక ఏడాదికోసారి వాళ్ళ రేవుకి వెళ్ళి ఎలా నెగ్గుకొస్తున్నారో చూసేది, తడబడుతుంటే నాలుగు రోజులు అక్కడే ఉండి దారిలో పెట్టేది, ఈ చుట్టుపక్కల ఆయనొక్కడే. పెళ్ళి చేసుకోలేదు. 'పిల్లల్లేకుండానే ముత్తాతవయ్యావురా' అని వాళ్ళక్క నవ్వేది, మాటలున్న రోజుల్లో.

రేవులో ఆయన్ని వీపుకళ్ళ మాస్టారు అంటారు. పరీక్ష జరుగుతుంటే ఆయన తన పడవ తిప్పేసి, అటు వీపు పెట్టి కూర్చుంటాడు. ఎదురుగా కూర్చుంటే నీళ్ళ వంక చూడరు, నా మొహం వంక చూస్తారు, నేను కనుబొమ్మ ఎత్తితే వాళ్ళు తెడ్డు ఎత్తుతారు అంటాడు. అందుకని వింటాడు. తెడ్డు నీళ్ళలో పడే చప్పుడుని బట్టి ఎవరు కంగారు పడుతున్నారో, ఎవరు భుజం బిగబట్టారో చెప్పేస్తాడు. ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నాడు. ఎవరూ కాదనలేదు.

నిన్న మాత్రం ఒకళ్ళు కాదన్నారు.

కయాక్, అంటే ఒక్కడే నడుందాకా దిగి కూర్చునే సన్నటి పడవ, బోర్లాపడితే లోపలివాడు తలకిందులుగా నీళ్ళలో వేలాడుతూనే, రెండు చేతులూ పైకి చాపి పడవ వీపు మీద మూడుసార్లు కొట్టాలి. సాయం కావాలి అని దానర్థం. అది విన్నాకే పక్కవాడు వచ్చి తన పడవ ముక్కు వాడి చేతికందించాలి. ముందే దూసుకొస్తే, తనంతట తాను లేవబోతున్నవాడి వేళ్ళు రెండు పడవల మధ్య నలుగుతాయి. నిన్న నత్త తయారుచేసిన కొత్త శిక్షకుడు వెళ్ళాడు, ముక్కు అందించాడు, బోర్లాపడినవాడు బుస్సుమంటూ లేచాడు. నత్త "బాగుంది" అంది. మాస్టారు అప్పుడు వెనక్కి తిరిగాడు.

"పిలుపు రాకముందే కదిలాడు. నువ్వు తప్పు పట్టలేదు."

"కొట్టాడు మాస్టారూ. మూడూ కొట్టాడు."

"వినేది నేను. కొట్టలేదు."

రేవంతా తలలు దించుకుంది. నత్తకిది మూడోసారి. మూడుసార్లు తప్పితే అయిదేళ్ళదాకా మళ్ళీ కూర్చోనివ్వరు. అవతలి ఒడ్డున ఆమె నడిపే చిన్న పడవల బడికి అయిదేళ్ళు ఆగే ఓపిక లేదు. పరీక్షల కవరు కోసం పడవల సంఘం వాన్ ఇవాళ రెండింటికి వస్తుంది. పెన్సిల్‌తో రాసింది ఆ లోపు సిరాతో దిద్దాలి.

ఆయన ఇంకా దిద్దలేదు. పొద్దున్నే లేచి కిందికి వచ్చి పడవలు తుడుస్తున్నాడు.

చెక్క బల్లల మీద వరసగా బోర్లించిన పడవలు. ప్రతి దాని వీపు మీదా మంచు బొట్లు బొట్లుగా పట్టి ఉంది. తోక వైపు నుంచి మొదలుపెట్టి తుడుచుకుంటూ రావడం ఆయన అలవాటు. నాలుగో పడవ తోక దగ్గర వంగి గుడ్డ పిండుతుంటే, ఉన్నట్టుండి బొట్లు జారాయి. ఒకటీ అరా కాదు. ముక్కు వైపు నుంచి మొదలై, పడవ ఉలిక్కిపడ్డట్టు, ఒక్కసారిగా జారి ఆగాయి. మళ్ళీ జారాయి. మళ్ళీ.

గాలి లేదే అనుకున్నాడు. తల ఎత్తాడు.

పడవ అవతలి కొసన నత్త నిలబడి ఉంది. పిడికిలి ఇంకా పడవ మీదే ఉంది.

పదకొండేళ్ళప్పుడు ఆ పిల్ల కనూ పడవ ఒకటి బోర్లించి నెత్తిన పెట్టుకుని రేవు మెట్లెక్కుతుంటే, కింద రెండు కాళ్ళు తప్ప ఏమీ కనిపించక, ఆయనే పెట్టిన పేరది. ఇప్పుడామెకి ముప్ఫై దాటాయి. పేరు వదల్లేదు. కోపమొస్తే ముక్కుపుటాలు అదరడం కూడా వదల్లేదు. కానీ ఇప్పుడు ముక్కు అదరడం లేదు. ఆయన వంక అలా చూస్తోంది, అంతే.

"ఎప్పుడొచ్చావు?" అన్నాడు.

ఆమె పెదవులు కదిలాయి. ఆయన ఆ పెదవుల వంకే చూశాడు. అలా చూస్తున్నానని తనకే తెలిసి చూపు తిప్పేసుకున్నాడు.

నత్త పడవ చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి నిలబడింది. "ఇది రెండోసారి కొట్టడం," అంది, ఈసారి గట్టిగా. "మొదటిసారి పిలిచాను కూడా."

"గుడ్డ పిండుతున్నాను. నీళ్ళ చప్పుడు."

"ఎంత గుడ్డండీ అది? తెరచాపా?"

ఆయన చేతిలో గుడ్డ వంక చూసుకున్నాడు. జేబురుమాలుకి రెండింతలుంటుంది.

"పోట్లాడ్డానికొచ్చాను మాస్టారూ. మాటలు పేర్చుకుని వచ్చాను. దారిలో పడవలో పైకి అప్పజెప్పుకున్నాను కూడా, మంచులో ఎవరు చూస్తార్లే అని. ఇప్పుడు ఒక్కటీ నోటికి రావడం లేదు."

"తిట్టదల్చుకుంటే తిట్టు. వింటాను."

ఆ చివరి మాట ఇద్దరి మధ్యా పడి అక్కడే ఉండిపోయింది. నత్త దాన్ని పట్టుకుని ఏదో అనబోయి మానేసింది. మానేసిందని ఆయనకి తెలిసింది. తిట్టి ఉంటే బాగుండేది.

"ఎడమది పోయింది," అన్నాడు, పడవ తుడవడం మొదలుపెట్టి. "నాలుగేళ్ళయింది. కుడిది ఉంది." కాస్త దూరం తుడిచాడు. "ఉందనుకున్నాను."

"ఏమైంది?"

"చల్లటి నీళ్ళు ఏళ్ళ తరబడి చెవిలోకి పోతుంటే లోపల ఎముక పెరుగుతుందట. పెరిగి పెరిగి దారి మూసేస్తుందట. పడవలవాళ్ళకే వస్తుందని డాక్టరు తెగ సంబరపడుతూ చెప్పాడు, నాకేదో బహుమతి వచ్చినట్టు. కోసి తీస్తామన్నాడు. ఆరువారాలు నీళ్ళ దగ్గరికి పోకూడదన్నాడు. మళ్ళీ వస్తానని చెప్పి వచ్చాను."

"వెళ్ళలేదు."

"వెళ్ళలేదు."

"సంఘంలో చెప్పలేదా?"

"చెబితే?"

"వేరేవాళ్ళని వేసేవాళ్ళు."

"మరి అదే."

నత్త బల్ల అంచు మీద కూర్చుంది. దాని మీద ఎవరు కూర్చున్నా ఆయన గసురుతాడు. ఇవాళ ఊరుకున్నాడు.

"పోనీ వీపు పెట్టడం మానెయ్యాల్సింది. అందర్లాగే ఎదురుగా కూర్చుని చూడాల్సింది. కళ్ళు బాగానే ఉన్నాయి కదా మీకు."

"ఇరవై రెండేళ్ళు వీపు పెట్టినవాడు ఒకరోజు మొహం పెడితే, ఎందుకూ అని అడుగుతారు."

ఆమె బల్ల మీదనుంచి లేచింది. ఆయన కళ్ళలోకి చూసి, ఒక్కో మాటా విడివిడిగా, చిన్నపిల్లలకి తెడ్డు పట్టడం చెప్పేటప్పుడు పలికినట్టు పలికింది.

"మాస్టారూ, నాకొక్కదానికేనా ఇలా జరిగింది?"

ఆయన గుడ్డ పడవ మీద ఆగిపోయింది. ఈ ప్రశ్న ఆయన తనని తాను ఎప్పుడూ అడగలేదు. అడక్కుండా ఉండడానికి ఎంత పని పెట్టుకున్నాడో, ఎన్ని పడవలు అవసరం లేకుండా తుడిచాడో, ఆ క్షణాన తెలిసింది.

"పైకి రా," అన్నాడు.

పడవల షెడ్డు మీదే ఆయన గది. ఉద్యోగంతో పాటు ఇచ్చిన గది. ఇనప మంచం, గోడకి ఆనించిన బల్ల, రెండు కుర్చీలు, ఒక స్టూలు. కిటికీలోంచి చూస్తే నీళ్ళు. రేడియో మీద మడతపెట్టిన తువ్వాలు కప్పి ఉంది. దాని మీద దుమ్ము. స్టవ్ మీద కెటిల్‌కి కూత వేసే మూత లేదు. కూత వినపడక రెండుసార్లు అడుగు మాడ్చాక, మూత తీసి పక్కన పడేసి, మరిగేదాకా ఎదురుగా నిలబడే కాచుకుంటున్నాడు. నత్త కెటిల్ వంక చూసింది, రేడియో వంక చూసింది. ఈ గదికి ఆమె ఏడాదికి నాలుగైదుసార్లయినా వస్తుంది. ఎప్పుడూ చూసినవే.

పరీక్షల పుస్తకాలు మంచం కింద రేకుపెట్టెలో ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. పాతవాటితో మొదలుపెట్టాడు. 'పిలుపు రాకముందే కదిలారు.' మొదటి పద్దెనిమిదేళ్ళలో ఆ మాట రెండుసార్లు రాశాడు. ఆ రెండూ ఆయనకి గుర్తే. ఒకడి వేలు విరిగింది కూడా.

చివరి నాలుగేళ్ళ పుస్తకం తెరిచాడు. పేజీలు తిప్పుతూ, ఆ మాట కనిపించిన చోటల్లా చీటీ ముక్క పెట్టాడు. ఆపేసరికి ఏడు చీటీలు. నత్తది కాకుండా.

అదే దస్తూరీ. ఒక్క అక్షరం వణకలేదు. అది చూస్తే ఆయనకి ఒళ్ళు మండింది.

"ఏడుగురు," అంది నత్త. "వీళ్ళలో ముగ్గురు నీళ్ళే వదిలేశారు మాస్టారూ. నాకు తెలుసు వాళ్ళు."

ఆయన మొదటి చీటీ ఉన్న పేజీ తీశాడు. పేరు చదవలేదు. చదవక్కర్లేదు. వాళ్ళక్క కొడుకు.

ఆ రోజు ఒడ్డున నలభైమంది ఉన్నారు. మేనమామ పరీక్ష పెడుతున్నాడు, మేనల్లుడు కూర్చున్నాడు, చూద్దామని వచ్చారు. ఆయన వెనక్కి తిరిగి అందరూ వినేలా అన్నాడు: "మా ఇంటివాడని వదిలేస్తాననుకున్నావా?" ఆ మాట అన్నందుకు చాలా రోజులు తనలో తను పొంగిపోయాడు. వాడు ఎదురు చెప్పలేదు. "సరే మావయ్యా" అన్నాడు, పడవ భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ పరీక్షకి కూర్చోలేదు. రేవు చివర పడవలకి రంగులేసే షెడ్డులో చేరాడు. ఇక్కడికి పావుగంట నడక. మూడున్నరేళ్ళలో ఆ పావుగంట ఇటునుంచి ఎవరూ నడవలేదు, అటునుంచీ నడవలేదు. అక్క మాట మానేసింది.

"ఫోన్ చెయ్యి వాడికి," అన్నాడు.

"నేనా?"

"ఫోన్లో నాకు అందరూ నీళ్ళ కిందనుంచి మాట్లాడినట్టుంటుంది. మావయ్య భోజనానికి రమ్మంటున్నాడని చెప్పు. చెవి సంగతి చెప్పకు. అది నేను చెప్పాలి."

నత్త కిటికీ దగ్గరికి వెళ్ళి చేసింది. ఆమె వీపు ఆయన వైపుంది. ఎప్పుడు మాట్లాడిందో, ఎప్పుడు ఆపిందో తెలియలేదు. వీపు పెట్టి కూర్చున్నవాడి వెనక ఇన్నాళ్ళూ జనం ఎలా నిలబడ్డారో మొదటిసారి అర్థమైంది.

ఆమె తిరిగింది.

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. పెట్టేశాడు."

"వెంటనే పెట్టేశాడా?"

"కాసేపాగి."

"కాసేపంటే?"

నత్త ఆలోచించింది. "పడవ బోర్లాపడి లేచేంతసేపు."

ఆయన తల ఊపాడు. రబ్బరు తీసుకుని నత్త పేజీలో పెన్సిల్ రాతంతా చెరిపాడు. సిరా పెన్ను తీశాడు. మెల్లగా రాశాడు. రాసింది ఆమె వైపు తిప్పాడు.

'మూడు దెబ్బలు పడ్డాయి. పరీక్ష పెట్టినవాడికి వినిపించలేదు. ఈ పరీక్షా, దీని కింద రాసిన ఏడూ చెల్లవు.'

నత్త రెండుసార్లు చదివింది.

"రెండో వాక్యం అక్కర్లేదు కదా," అంది.

"ఏం?"

"మూడు దెబ్బలు పడ్డాయి, ప్యాసయింది అని రాస్తే సరిపోతుంది. నా పని అయిపోతుంది. మీ సంగతి మీరు నెమ్మదిగా, మంచి రోజు చూసి చెప్పుకోవచ్చు." మొహం ఎర్రబడింది. "నేనేం గొప్పదాన్ని కాదు మాస్టారూ. అవతల ఆరుగురు శిక్షకులు నా సంతకం కోసం కూర్చున్నారు. ఇది వెళ్తే మొత్తం కొట్టేస్తారు, నాది కూడా."

"కొట్టేసిన పరీక్ష తప్పినట్టు కాదు. నీ మూడోసారి నీకు మిగిలే ఉంటుంది. చెవులున్నవాడెవడో వచ్చి పెడతాడు."

"మళ్ళీ మొదటినుంచా?"

"మొదటినుంచే."

"మళ్ళీ తప్పితే?"

"నువ్వు తప్పవు," అన్నాడు. "నిన్ను నేనెందుకు తప్పించానో తెలుసుగా. లేని ఆ ఒక్క తప్పు తప్ప ఇంకేదీ దొరకలేదు."

ఆయన నోటినుంచి ఆమె విన్న మొదటి మెచ్చుకోలు అది. ఇరవై ఏళ్ళు ఎదురుచూసింది దానికోసం. ఇలా వస్తుందనుకోలేదు. మొహం తిప్పుకుని కిటికీలోంచి మంచు వంక చూసింది.

"ఈ గది కూడా తీసేసుకుంటారు," అంది, ఇంకా అటే చూస్తూ. ఆయనకి వినపడలేదు. ఆమెకి గుర్తొచ్చి, తిరిగి మళ్ళీ చెప్పింది. "గది తీసేసుకుంటారు. ఎక్కడికి పోతారు?"

"ముందు బియ్యం కడుగుతాను," అన్నాడు.

ఆ కాయితం పుస్తకంలోంచి విడదీసి, రాసినదాని కింద ఏడు వరసలు గీసి, రెండోదాన్నుంచి ఏడోదాకా పేర్లు నింపాడు. మొదటి వరస ఖాళీగా ఉంచాడు. వాణ్ణి అడక్కుండా వాడి పేరు రాయడం ఇంకోసారి నలభైమంది ముందు నిలబెట్టినట్టేననిపించింది. కాయితం మడవలేదు. కవరు పక్కన పెట్టుకుని లేచాడు.

అన్నం వండాడు. నత్త గుడ్లు ఉడకబెట్టి ఒలిచింది, ఉల్లిపాయలు తరిగింది. ఆమె మూడు పళ్ళాలు కడుగుతుంటే ఆయన రెండే చాలన్నాడు. ఆమె వినపడనట్టే మూడూ కడిగింది.

"నీకూ ఎముక పెరిగిందా?" అన్నాడు. నత్త నవ్వింది. ఆ గదిలో ఎవరైనా నవ్వి ఎన్నాళ్ళయిందో.

బల్ల గోడకి ఆనించి ఉంది కనక కూర్చోవడానికి ఉన్నది కాస్త చోటు. ఆయన కుర్చీ, ఎదురుగా నత్తది. మేనల్లుడికని స్టూలు తన ఎడమవైపు వేశాడు. చిన్నప్పుడు వాడు అక్కడే కూర్చునేవాడు. కుడివైపు గోడకీ ఆయన కుర్చీకీ మధ్య మనిషి పట్టేంత సందు లేదు.

పన్నెండు దాటింది. ఒంటిగంటయింది. మంచు పలచబడి, నీళ్ళ మీద ఒక చార వెలుగు పడింది. అన్నం మీద మూత తీయలేదు. ఆయన తలుపు వంక వీపు పెట్టి కూర్చున్నాడు. ఇంకెలా కూర్చోవాలో ఆయనకి చేతకాదు.

నత్త కళ్ళు ఆయన భుజం మీదుగా వెనక్కి పోయాయి. అక్కడే ఆగాయి. ఆయన తల తిప్పలేదు.

మేనల్లుడు లోపలికొచ్చాడు. మోచేతుల దాకా నీలంరంగు. మనిషి కాస్త చిక్కాడు. పలకరించలేదు. బల్ల మీద కాయితం వంక చూశాడు, నిలబడే చదివాడు, ఖాళీ వరస దగ్గర చూపు ఒక్క క్షణం నిలిచింది. ఆ తర్వాత ఎడమవైపున్న స్టూలు ఎత్తాడు. దాన్ని బల్ల చుట్టూ మోసుకుని కుడివైపుకి తెచ్చాడు. సందు చాల్లేదు. మావయ్య కుర్చీని కాస్త జరిపి, గోడకి భుజం రాసుకుంటూ ఇరుక్కుని, కుడిచెవి పక్కన కూర్చున్నాడు.

మాస్టారు నత్త వంక చూశాడు. నేను చెప్పలేదు అని ఆమె తల అడ్డంగా ఊపింది. ఆమె కళ్ళు కూడా పెద్దవయ్యాయి.

ఆయన చెయ్యి అన్నం గిన్నె మూత మీద ఆగిపోయింది. ఆ రోజు ఒడ్డున "సరే మావయ్యా" అన్నాడు వాడు. ఆ మాట ఆయనకి స్పష్టంగా వినపడింది. ఎందుకు వినపడిందో ఇప్పుడు కళ్ళకి కట్టింది. ఎడమవైపున్న పడవలో కూర్చుని ఉన్నవాడు, తెడ్డు వేసుకుంటూ ఆయన పడవ ముక్కు చుట్టూ తిరిగి, కుడివైపుకి వచ్చి, అప్పుడన్నాడు ఆ మాట.

ఆ రోజే తెలుసు వాడికి.

తెలిసీ, నలభైమంది ముందు నోరు మూసుకుని, పడవ భుజానికెత్తుకున్నాడు.

కింద రేవు దారిలో వాన్ వచ్చి ఆగిందేమో, నత్త ఒకసారి కిటికీ వైపు చూసి మళ్ళీ తల దించుకుంది. మేనల్లుడు మూత తన చేత్తో తీసి, మావయ్య పళ్ళెంలో ముందు వడ్డించాడు, తర్వాత నత్తకి, ఆఖరికి తనకి. ఖాళీ వరసున్న కాయితం పళ్ళాల మధ్య అలాగే ఉంది. ముగ్గురూ తిన్నారు.